పైడమ్మ పూసిన తెల్లపూత

అనగనగా ఒక అమ్మ కడుపు. ఆ కడుపులో బొటనవేలంత పాపాయి. ఆ పాపాయి నోట్లో, చిగుళ్ళలో పళ్ళు మొలిచే చోట, దవడపాలెం అని ఒక ఊరు. అంత చిన్న ఊళ్ళో కూడా తలెత్తుకు తిరగలేకపోయిన మనిషి ఒకత్తె ఉంది, పైడమ్మ. ఎందుకో చెబుతా, ఊ కొట్టు.

పైడమ్మది ఆ చిగుళ్ళ పైపొర. పుట్టి పెరిగిందంతా అక్కడే. లోవమ్మది కిందిపొర. ఆవిడ పాపాయి తల వెనక నుంచి అంత దూరం నడుచుకుంటూ వలస వచ్చింది. పన్నంటే ఏమిటో కూడా తెలీదు పాపం. పైడమ్మే ముందు పిలిచింది. "ఏమే లోవమ్మా, ఇక్కడో పన్ను కడదాం, లే!" ఆ మాట చెవిన పడిందో లేదో, లోవమ్మకి పనంతా వచ్చేసింది.

అప్పటి నుంచి లోవమ్మే చెప్పడం మొదలుపెట్టింది. "వదినా, మొగ్గలా కిందికి దిగు." పైడమ్మ దిగింది. ఆ తర్వాత, "టోపీలా నా మీద వంగు." వంగింది. ఆ తర్వాత, "గంటలా నన్ను కప్పు." కప్పింది. పని ముద్దుగా సాగుతోంది.

అప్పుడు లోవమ్మ అంది, "ఇది నమిలే పన్ను వదినా. నెత్తిన నాలుగు గుట్టలు రావాలి."

పైడమ్మకి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ మనసంతా నవ్వితే కనబడే ముందు పన్ను మీద ఉంది మరి. ఊరంతా వింటూండగా అనేసింది. "నేను పిలిస్తే పనిలోకొచ్చావు. ఎక్కడి నుంచో నడిచొచ్చినదానివి, నాకే చెబుతావా?" ఇక లోవమ్మతో మాటలు మానేసింది.

ఒక్కతే పంటి మీదికి తెల్లపూత కలుపుకుంది. పూసింది, జారిపోయింది. మళ్ళీ పూసింది, మళ్ళీ జారిపోయింది. మూడోసారీ అంతే. లోవమ్మ కట్టే లోపలి గోడ లేకుండా పూత దేనికి అంటుకుంటుందమ్మా? రోజులేమో గడిచిపోతున్నాయి. పన్ను కట్టకపోతే రేపు పాపాయి ఏం నములుతుంది?

పైడమ్మ సిగ్గుతో చితికిపోయింది. తను అన్న మాట తనకే ముల్లులా గుచ్చుకుంది. తొంగి చూస్తే లోవమ్మ తాపీ పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. గోడ ఒక్క వరస కూడా లేవలేదు.

"కట్టలేదేమే?"

"నువ్వు ఊఁ అంటేగానీ నాకు చెయ్యాడదు వదినా."

తిట్టినా బాగుండేది పైడమ్మకి. మొహం కొంగులో దాచుకుని, "తప్పు నాదే, కట్టు తల్లీ" అంది.

అప్పుడు లోవమ్మ పల్చగా ఒక వరస పెట్టింది. ఆ తర్వాత దాని మీద పైడమ్మ పూత పూసింది. ఈసారి నిలిచింది. లోవమ్మ లోపలికి గోడ పెంచుతూ పోయింది, పైడమ్మ బయటికి పూత పెంచుతూ వచ్చింది. నాలుగు గుట్టలూ లేచాయి.

కానీ పూత పూసేవాళ్ళు పన్ను పైకొచ్చే వేళకి రాలిపోతారు. వెళ్ళిపోయే ముందు పైడమ్మ, లోవమ్మ మొహంలోకి చూడకుండానే అంది. "అందరూ నా తెలుపే చూస్తారే. నిన్నెవరూ చూడరు. నాకు సిగ్గుగా ఉంది."

"చూడకపోతే ఏం వదినా? చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది నేనేగా!"

లోవమ్మ నవ్వింది. పైడమ్మకి నవ్వు రాలేదు. ఆ మనిషి చెయ్యి ఒక్కసారి పట్టుకుని, తల దించుకునే వెళ్ళిపోయింది.

లోపల గోడ లోవమ్మది,
పైన తెలుపు పైడమ్మది,
నమిలే పన్ను పాపాయిది,
కథ ఇక కంచిది, కునుకిక నీది.