ఏడో చుక్క ఏడ్చిన కథ

ఒకప్పుడు ఆకాశంలో ఎక్కడా మసక కనిపించేది కాదు. కనిపించేవన్నీ నికార్సైన చుక్కలే. కాకపోతే వాటికి కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇవాళ తూర్పున ఉన్నది రేపు పడమర, పిల్లల కోడి అనే చుక్కల గుంపులోది ఎల్లుండి గొల్లకావిడి అనే మూడు చుక్కల వరస పక్కన. చుక్కల్ని చూసి దారి పట్టే పడవవాళ్ళు తలలు పట్టుకునేవాళ్ళు.

చీకటమ్మకి విసుగొచ్చింది. ఆకాశం ఆవిడ ఇల్లు మరి! కిందికి వంగి నాంచారమ్మని పిలిచింది. నాంచారమ్మ కళ్లాల్లో ధాన్యం కొలిచే ముసలావిడ. గొంతు పెద్దది, మనసు మెత్తన. ఆవిడ కొలిస్తే గింజ తేడా రాదని పేరు.

“నాంచారమ్మా, ఈ చుక్కలన్నిటికీ అంకెలు వేసి పుస్తకంలో రాసిపెట్టు. అంకె లేనివాళ్ళు తెల్లారేసరికి నా ఇల్లు ఖాళీ చెయ్యాలి,” అంది చీకటమ్మ.

నాంచారమ్మ గడ్డివాము ఎక్కి, వేలు చాపి, కళ్లంలో అరిచినట్టే అరిచింది. “లాభం!” ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. మొదటి చుక్క మురిసిపోయింది. “రెండు! మూడు! నాలుగు!” చుక్కలన్నీ చేతులు కట్టుకుని ఎక్కడివక్కడ నిలబడ్డాయి.

గొల్లకావిడి కింద బుల్లి చుక్క ఒకతి ఉంది. పెద్దవాళ్ళ మాట జవదాటని పిల్ల. కూర్చోమంటే కూర్చుంటుంది, నవ్వమంటే నవ్వుతుంది. నాంచారమ్మ వేలు సరిగ్గా దాని మీదికే తిరిగింది.

“ఏడు!”

పిల్ల బిత్తరపోయింది. నేనేం చేశానమ్మా అనుకుంది. అయినా పెద్దావిడ చెప్పింది కదా! బుంగమూతి పెట్టి ఏడ్చింది. బుద్ధిగా, మనసు పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ కన్నీళ్ళకి దాని వెలుగంతా తడిసిన ముగ్గులా చెదిరిపోయింది.

నాంచారమ్మకి ఇదేం తెలీదు. లెక్క జోరులో ఉంది మరి. చివర్లో సరిచూసుకుంటే ఏడో చోట చుక్క లేదు, ఓ మసక ఉంది.

“ఇది చుక్కేంటి, మరక! దిగిపొమ్మను,” అంది చీకటమ్మ.

“ఎందుకేడ్చావే తల్లీ?” అనడిగింది నాంచారమ్మ.

“నువ్వే కదా అవ్వా, ఏడవమన్నావు!”

నాంచారమ్మ నెత్తి కొట్టుకుంది. “ఓసి నా బంగారు కొండా! అది నీ అంకే! నిన్ను ఏడవమనడానికి నాకు నోరెలా వస్తుందే?”

పిల్ల ఠక్కున ఏడుపు ఆపేసింది. కానీ చెదిరిన వెలుగు మళ్ళీ దగ్గరికి రాలేదు. అటు తూర్పు తెల్లబడుతోంది. తన మాటకే కదా ఈ పసిదానికి ఇల్లు పోతోంది! అనుకుంది నాంచారమ్మ.

గబగబా ఇంకో పుస్తకం తీసింది. “చీకటమ్మా, ఇది మసకవాళ్ళ పుస్తకం. ఇందులో దీనికి అంకె వేశాను. అంకె ఉన్నవాళ్ళని దింపనన్నావా, లేదా?”

“ఒక్కదాని కోసం పుస్తకమా?” అంది చీకటమ్మ.

“ఒక్కతైతేనేం? అదీ పిల్ల కాదూ?”

అంతలో చుక్కల వెనకనుంచి సన్నని గొంతులు వినిపించాయి. “అవ్వా, మమ్మల్నీ రాస్తావా?” వాళ్ళు పుట్టుకతోనే మసకవాళ్ళు. ఎవరైనా నవ్వుతారేమోనని ఇన్నాళ్ళూ దాక్కున్నారు.

చీకటమ్మ వెనక్కి తిరిగి చూసింది. తన ఇంట్లో ఇంతమంది ఉన్నారని ఆవిడకే తెలీదు! “రాసెయ్ నాంచారమ్మా, అందరినీ రాసెయ్,” అంది కళ్ళొత్తుకుంటూ.

నాంచారమ్మ అందరినీ రాసింది. ఏడ్చిన పిల్లకి అంకె పక్కన నీహారిక అని ముద్దుపేరు కూడా పెట్టింది. నీహారమంటే మంచు.

అప్పటినుంచే కళ్లాల్లో కొలిచేవాళ్ళు ఏడు అనకుండా “ఆరున్నొక్కటి” అంటున్నారు. అప్పటినుంచే ఆకాశాన్ని చదివే శాస్త్రవేత్తలు ఆ మసకలకి వేరే పట్టిక పెట్టి, అంకె వేసి, పక్కన ముద్దుపేరు రాస్తున్నారు. గొల్లకావిడి కింద ఆ పిల్ల ఇప్పటికీ మసకగానే ఉంది. దాన్ని మళ్ళీ ఎవరూ దిగిపొమ్మనలేదు.