నాంచారమ్మ పేరు తెర మీద పడిన వైనం

మండపేటలో తెలివంతా బుర్రావారింట్లోనే ఉందని చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేవాళ్ళంటే ఇంకెవరో కాదు, బుర్రావాళ్ళే. ఇంటిపేరులోనే బుర్ర ఉంది కదా, మళ్ళీ నెత్తిలో వేరేగా ఎందుకూ అనేవాడు పెద్దవాడు ధర్మలింగం. నిజమే సుమా అని తమ్ముడు గవర్రాజు తల తడిమి చూసుకునేవాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, లైట్లు అద్దెకిచ్చే సప్లై కొట్టు వాళ్ళది. కొట్టుకు పేరు వాళ్ళమ్మది, నాంచారమ్మ.

నాంచారమ్మకు వచ్చిన సినిమా వచ్చినట్టు చూడాలి. చదువు మాత్రం రాదు. సంతకం కోసం నేర్చుకున్న నాలుగక్షరాలే ఆవిడ చదువంతా. ఈ మధ్య కళ్ళలో పొరలు కమ్ముతున్నాయి. చూపు ఉండగానే ఒక్కసారి తన పేరు తెర మీద చూసుకోవాలని ఆవిడ కోరిక. అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా ధర్మలింగానికి అన్నం సయించేది కాదు.

అలాంటి రోజుల్లో ఊళ్ళో పాత రైసుమిల్లులో సినిమా షూటింగు మొదలైంది. లైటు వేడిగా, సూటిగా మొహం మీద కొట్టకుండా ముందు తెల్లగుడ్డ అడ్డం పెడతారు కదా, దాని ఇనుప చట్రం నలుగురు మోస్తే గాని కదలదు. అది మిల్లు గుమ్మంలో ఇరుక్కుని కూర్చుంది. కెమెరామాన్ ఫణిభూషణ్‌కు విసుగెత్తి, సప్లై కొట్టువాళ్ళను పిలిపించి తేలికపాటిది ఒకటి చేసి తెమ్మన్నాడు.

"వెలుతురు మెత్తగా ఉండాలి. నీడ గట్టిగా పడకూడదు. పనైపోగానే ఒక్క మనిషి దాన్ని మడిచి చంకలో పెట్టుకుపోవాలి. అలాంటిది చేసుకొస్తే మీ కొట్టు పేరు తెర మీద వేయిస్తాను" అన్నాడు.

ఇంకేముంది, ధర్మలింగం కాళ్ళు నేల మీద ఆనలేదు.

ముందు వెలుతురు మెత్తబడాలి. మెత్తనిదంటే దూది. అంతే, బూరుగుదూది దిండు ఒకటి విప్పి అందులో లైటు కూరారు. మెత్తబడిందో లేదో చూద్దామని గవర్రాజు నొక్కి చూశాడు. చెయ్యి కాలింది. వెనకే దిండూ కాలింది. వెలుతురు ఇంకా పచ్చిగానే ఉంది, అన్నాయ్ అన్నాడు గవర్రాజు, చేతిమీద ఊదుకుంటూ.

సరే, నీడ సంగతి చూద్దామనుకున్నారు. గట్టిగా పడకూడదంటే కింద ఏదో ఒకటి పరవాలి. ధర్మలింగాన్ని ఎండలో నిలబెట్టి, నీడ పడేచోట పరుపు వేశారు. గవర్రాజు పరుపుకు చెవి ఆనించి విన్నాడు. చప్పుడేమీ కాలేదు. నీడ దెబ్బ తగలకుండా పడిందని ఇద్దరూ సంతోషించారు.

ఇక మిగిలింది చంక. టైలరు దగ్గర టేపు తెచ్చి కొలిస్తే జానెడే ఉంది. అంతే, జానెడు వెదురుచట్రానికి చేతిరుమాలు కట్టి, పరుపుతో సహా పట్టుకెళ్ళారు. ఆ రుమాలు హీరోయిన్ ముక్కు వరకే సరిపోయింది. రేపటికి సరైనది తేకపోతే హైదరాబాదు నుంచి తెప్పించుకుంటానని ఫణిభూషణ్ ఖరాఖండిగా చెప్పేశాడు.

ధర్మలింగం ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు. అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. ఏడుపొచ్చింది. అప్పుడు పక్కింటావిడ నిద్రలేచిన పసిదాని మీద బోర్లించిన గొడుగు దోమతెరను తీసి టక్కున మూసి, చంకలో పెట్టుకుని, పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ధర్మలింగం దిగ్గున లేచాడు. దోమతెర ఎలా ముడుచుకుందో అతను చూడలేదు. చంకలో పోతోంది కదా, అదే చూశాడు. వెంటనే బజారుకెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది ఒకటి కొనుక్కొచ్చి, దానిమీద నాన్న పాత పంచె కప్పి కుట్టించాడు.

గుడ్డివాడు విసిరిన రాయి గురికి తగిలింది. మిల్లులో దాన్ని విప్పి లైటుకు అడ్డం పెడితే, వెలుతురు మీగడలా పరుచుకుంది. మూస్తే మళ్ళీ కర్రంత. ఫణిభూషణ్ పదిసార్లు విప్పి, పదిసార్లు మూసి, ధర్మలింగం భుజం తట్టాడు. రేపు పొద్దున్నే హీరోయిన్ మొహాన్ని దగ్గరగా తీస్తామనీ, ఇక మీ పేరు తెర మీద పడ్డట్టేననీ అన్నాడు.

ఏ తెర మీద అని గవర్రాజుకు అనుమానం వచ్చింది. మనం చేసిన తెరే కదరా అన్నాడు ధర్మలింగం. అంత పెద్దాయన చేత పేరు వేయించడం మర్యాదగా ఉండదనిపించి, నల్లరంగు తెచ్చి వాళ్ళే వేసేశారు. జానెడేసి అక్షరాలు, నాలుగు.

పొద్దున్నే అమ్మను తీసుకెళ్ళి కెమెరా పక్కనే కుర్చీ వేశారు. లైటు వెలిగింది. హీరోయిన్ నుదుటిమీద "నాం", ఒక చెంప మీద "చా", ముక్కుమీద "ర", గడ్డం మీద "మ్మ" నల్లగా పడ్డాయి. డైరెక్టరు కుర్చీలోంచి లేచిపోయాడు. ఫణిభూషణ్ తల పట్టుకుని, ముందు ఆ పేరు తీసెయ్యవయ్యా అన్నాడు.

అంతే. గవర్రాజు కత్తెర తీసి, ఒక్క వంకర పోకుండా నాలుగక్షరాలూ కత్తిరించి తీసేశాడు.

మళ్ళీ లైటు వేశారు. ఇందాక నల్లగా పడ్డచోటే ఇప్పుడు పేరు బంగారంలా వెలిగింది. నల్లటి నీడలు ఆనని నాంచారమ్మ కళ్ళకు ఈ వెలుగు ఆనింది. ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగి, గాలిలో వేలు పెట్టి కూడబలుక్కుంది.

"నాం... చా... ర... మ్మ. నేనేరా పెద్దోడా" అంది. ఆవిడ కళ్ళు వర్షించాయి. తిట్టడానికి నోరు తెరిచిన డైరెక్టరు అలాగే మూసుకున్నాడు. ధర్మలింగానికి జన్మ తరించినట్టయింది.

హీరోయిన్ మంచిదే, నాంచారమ్మ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని నవ్వింది. తర్వాత చెమట పట్టిందని, మొహం కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచింది. ధర్మలింగం పరుగున వెళ్ళి రెండు చేతులూ జోడించి అడ్డం నిలబడ్డాడు.

"మీకు దణ్ణం పెడతానండి. సినిమా ఇడుదలయ్యేదాకా మొహం కడుక్కోకండమ్మా. మా అమ్మ పేరు పోద్దండి."

అప్పటికే గవర్రాజు కుళాయి పిడి ఊడదీసి, చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.