మళ్లీ మునుగుతానన్న ఫిలేమోను

చీరాల దగ్గర ఒక నేతపేటలో ఫిలేమోను అనే నేతగాడు ఉండేవాడు. అతని చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు.

కూర చల్లారితే భార్య దీనమ్మ మీద అరిచేవాడు. వేడిగా ఉన్నా అరిచేవాడు. అతని గొంతు లేస్తే చాలు, ఎనిమిదేళ్ల కూతురు కెజియా పక్కింట్లోకి పారిపోయేది. కన్నబిడ్డ తనను చూసి భయపడుతోందని ఫిలేమోను లోలోపల కుమిలిపోయేవాడు. అందుకే ప్రతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళకు లేచి నిలబడి, "ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని" అని ఏడ్చేవాడు. అందరూ "ఆమెన్" అనేవారు. సోమవారం భోజనాల వేళకు పాత మనిషి తిరిగొచ్చేవాడు. పాపం, ఆ కన్నీళ్లు మాత్రం దొంగ కన్నీళ్లు కావు.

ఒకరోజు పాస్టరుగారు అతని ఇంటికి వచ్చారు. మగ్గం మీద కూర్చున్న ఫిలేమోను చేతులు జోడించి, "అయ్యగారూ, నాకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వండి" అన్నాడు.

"మళ్లీ ఎందుకయ్యా?"

"అప్పట్లో కాలవలో నీళ్లు తక్కువండి. నా తల సరిగ్గా మునగలేదేమోనని అనుమానం."

పాస్టరుగారు నవ్వు ఆపుకున్నారు. మగ్గం వైపు చూసి, "పోగు తెగితే ఏం చేస్తావు? చీరంతా కోసేసి కొత్తది మొదలుపెడతావా?" అని అడిగారు.

"అయ్యో, అదేం పనండీ! తెగినచోటే, అప్పటికప్పుడే అతుకుతాం. ఆగితే బట్ట పాడైపోద్ది."

"మరి ఇంట్లో తెగితే ఆదివారం దాకా ఎందుకు ఆగుతావు? అరిచేది దీనమ్మ మీద, ఏడ్చేది మా ముందు. ప్రభువు నిన్ను ఎప్పుడో క్షమించాడు. ఇక ఆయన సాయం అడిగి, నీ భార్యాబిడ్డల దగ్గరికి వెళ్లు."

ఫిలేమోను తల గోక్కున్నాడు. "దానికంటే నీళ్లలో మునగడమే తేలికండీ" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే అన్నం ఆలస్యమైందని కేకలేశాడు. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. లేచి వంటింట్లోకి వెళ్లి, "దీనా, తప్పయిపోయింది" అన్నాడు. దీనమ్మ గరిటె వదిలేసి అతని నుదురు పట్టుకు చూసింది. "జ్వరమేమీ లేదే!" అంది.

ఆ వారం పదకొండుసార్లు తప్పు ఒప్పుకున్నాడు. మరుసటి వారం తొమ్మిదిసార్లు. ఆదివారం సాక్ష్యానికి మాత్రం లేవలేదు. రోజూ మగ్గమెక్కే ముందు, "ప్రభువా, ఈ ఒక్కరోజు నా నోటికి కాపలా ఉండు" అని ప్రార్థించుకునేవాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కెజియా ఖాళీ గిన్నెతో అతని ఎదుటికి వచ్చింది. "నాన్నా, మగ్గం మీది చీర మీద పులుసు ఒలకబోశాను" అంది.

"నీకు బుద్ధి లేదా!" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు ఫిలేమోను.

కెజియా ఉలిక్కిపడింది. కానీ పారిపోలేదు. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి, "అరవడం అయిపోయిందా? ఇక తప్పయిందని చెప్పు నాన్నా, ఇద్దరం వెళ్లి చీర కడుగుదాం" అంది.

ఫిలేమోనుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కూతుర్ని దగ్గరికి తీసుకుని, "తప్పయిందమ్మా" అన్నాడు.

నీతి: మారిపోయానని పదిమందిలో చెప్పినంత మాత్రాన మనిషి మారడు, తప్పిన ప్రతిసారీ దేవుని సాయంతో అప్పటికప్పుడే సరిదిద్దుకునేవాడే నిజంగా మారతాడు.