సున్న లోపలి బిళ్ళ

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. చెప్పేవాళ్లు లేని చోట మిమ్మల్ని పెంచుతున్నాం, అది మీ తప్పు కాదు. నాకు గుర్తున్నంత వరకే చెబుతాను. గుర్తు లేని చోట లేదనే అంటాను, నా సొంతం కలపను.

గుట్ట మీద ఒక చిన్న దర్గా ఉండేది. దాన్ని చూసుకునే ముసలాయన లాలప్ప సామి. ఆయన దగ్గర కాశింపీరా అనే శిష్యుడు ఉండేవాడు. నలభై దాటినవాడు, పనిమంతుడు, చదువుకున్నవాడు.

కాశింపీరాకు ఒకటే బాధ. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. నమాజుకు నిలబడితే బయట విడిచిన చెప్పులు గుర్తొస్తాయి. పుస్తకం పడితే ఈ పేజీ పూర్తి కాకముందే తరువాతి పేజీ అంచు వేలితో పట్టుకుని ఉంటాడు.

"సామీ, నా మనసు ఒక చోట ఎందుకు నిలవదు?" అని వారానికోసారి అడిగేవాడు.

"తొట్టిలో నీళ్లయిపోయినట్టున్నాయి, చూడు పో," అనేవాడు సామి.

ఏటా ఆ దర్గాలో ఉరుసు జరిగేది. ఆ పండగలో పెద్ద రోజు గంధం రోజు, అంటే అరగదీసిన గంధాన్ని బిందెలో గుట్ట ఎక్కించే రోజు. ఆ రోజుకు చుట్టుపక్కల ఊళ్లను పిలవడానికి గోడ కాగితాలు కావాలి. పట్నంలో ప్రెస్సువాడు వెయ్యికి తక్కువైతే మిషను తిప్పనంటాడు. వీళ్లకు కావలసినవి అరవయ్యో డెబ్బయ్యో. అందుకని కాశింపీరా చేత్తోనే అచ్చు వేసేవాడు.

ఆ పని ఇట్లా ఉండేది. ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి, వేడినీళ్లలో సోడా వేసి కడిగితే లోపలి ఎముకలన్నీ పోయి తేటగా అవుతుంది. సగం బ్లేడును వెదురుపుల్లకు బిగించి, దానితో ఫిల్ము మీద అక్షరాలు కొయ్యాలి. ఆ ఫిల్మును కాగితం మీద పరిచి, స్పంజి ముక్కతో రంగు అద్దాలి. కోసిన చోట రంగు దిగుతుంది, అక్షరం పడుతుంది. కాగితాలకు పాత క్యాలెండర్ల వెనక వైపు చాలు.

అందులో ఒక చిక్కుంది. మన అక్షరాలు గుండ్రనివి. సున్నను చుట్టూ కోసేస్తే లోపలి బిళ్ళ ఊడి కింద పడుతుంది. అప్పుడు సున్న సున్నలా పడదు, నల్లటి మచ్చలా పడుతుంది. అందుకని చుట్టూ కొయ్యకుండా ఒక పక్క కొంచెం వదిలిపెట్టాలి. దాన్ని కాడ అనేవాళ్లు. కాయను కాడ పట్టుకున్నట్టు లోపలి బిళ్ళను అది పట్టుకుని ఉంటుంది. అచ్చులో మాత్రం అక్కడ సన్నని సందు కనిపిస్తుంది. ఆ సందంటే కాశింపీరాకు ఒళ్లు మంట.

ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. ఊరి గోడ మీద కాగితం పడితేనే పిలుపు అందినట్టు. పడకపోతే ఆ ఊరిని పిలవనట్టే, ఎవరూ రారు. గువ్వలదిన్నె గోడ మీద ఆరేళ్లుగా కాగితం పడలేదు.

గువ్వలదిన్నెలో కాశింపీరా అన్న మౌలాలి ఉంటాడు. ఆరేళ్ల కిందట అమ్మ అక్కడే, అన్న ఇంట్లో పోయింది. ఆ రోజు కాశింపీరా దర్గా పనిమీద దూరం పోయి ఉన్నాడు. కబురు అంది, పరుగున వచ్చేసరికి మట్టి వేయడం కూడా అయిపోయింది. ఎండాకాలం, ఉంచకూడదని పెద్దలన్నారని మౌలాలి చెప్పాడు. కాశింపీరా వినలేదు. సమాధి చూసి అట్నుంచి అటే తిరిగి వచ్చేశాడు, అన్న ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా. అంతకుముందు గంధం బిందెను అన్నదమ్ములిద్దరూ చెరో పక్క పట్టుకుని గుట్ట ఎక్కించేవాళ్లు. ఆ తరువాత కాశింపీరా ఒక్కడే మోస్తున్నాడు.

ఏటా గంధం రోజు తరువాత మూడో రోజు లాలప్ప సామి ఆకులో కొంచెం గంధం పొట్లం కట్టుకుని, కర్ర పట్టుకుని గుట్ట వెనక వైపు దిగేవాడు. సాయంత్రానికి వచ్చేవాడు. ఎక్కడికని కాశింపీరా అడిగేవాడు కాడు. అడగకపోయినా అతనికి తెలుసు. గుట్ట వెనక ఉన్నది ఒక్క గువ్వలదిన్నే.

ఆ ఏడు ఉరుసు నాలుగు రోజులుందనగా, పొద్దున్నే గువ్వలదిన్నె నుంచి గాజులమ్మే ఖాతూనమ్మ గంపతో వచ్చింది.

"ఏమప్పా కాశిం, మీ అన్న ఒక మాట అడిగి రమ్మన్యాడు."

కాశింపీరా బ్లేడు నూరుకుంటూ తల ఎత్తలేదు.

"ఈ ఏడన్నా మా ఊరికి కాయితం వస్తాదా అని."

"ఆ పక్కకు బస్సు లేదు గదమ్మా. ఎవరితో పంపేది?"

"నేనేమన్నా బస్సులో వచ్చినానా?" అని ఆమె నవ్వి గంప ఎత్తుకుంది. "కాయితం పడంది ఆయప్ప రాడు. శానా మొండోడు. మీ ఇంటోళ్లంతా అంతే లే."

ఆమె మెట్లు దిగిపోయింది. కాశింపీరా కాసేపు అటూ ఇటూ తిరిగాడు, కడిగిన తొట్టినే మళ్లీ కడిగాడు, తరువాత ఫిల్ము ముందు కూర్చున్నాడు. నాలుగు గంటల బస్సుకు కాగితాలు ఇస్తే కండక్టరు దారిలో ఊరూరా దించుతాడు. మిగిలిన ఫిల్ము అదొక్కటే.

"గురువారం గంధం" అని కోశాడు. కింద "అందరూ రండి" అని కొయ్యాలి. పక్కన సామి చేటలో కందిపప్పు ఏరుతున్నాడు.

"ఎందుకు సామీ ఈ కాడలు?" అన్నాడు కాశింపీరా. "ప్రెస్సులో వేసిన సున్న ఎంత నిండుగా ఉంటుంది! మనది చూస్తే పగిలిన గాజులా ఉంది."

"పగిలినా చేతికి ఉంది గదా," అన్నాడు సామి.

కాశింపీరా మళ్లీ ఫిల్ము మీదికి వంగాడు. 'అ' కోశాడు. సున్న దగ్గరకు వచ్చాడు. బ్లేడు ఆగాల్సిన చోట ఆపలేదు. చుట్టూ తిప్పేశాడు. బిళ్ళ టక్కున ఊడి అతని మోకాలి దగ్గర పడింది.

ఇద్దరూ దాన్ని చూశారు.

"అయిపాయె!" అన్నాడు కాశింపీరా. "ఇంకో ఫిల్ము లేదు. అతికిస్తే రంగుకు ఊడొస్తుంది. సామీ, నా చెయ్యి... నేను చూస్తూ చూస్తూనే..."

"మిగిలినవి కొయ్యి," అన్నాడు సామి.

కాశింపీరా మిగిలిన అక్షరాలు కోశాడు. ఈసారి ప్రతి గుండ్రానికీ కాడ వదిలాడు. అది అయ్యేసరికి సామి చేట పక్కన పెట్టి, ఆ బిళ్ళను తీసుకుని దగ్గరకు జరిగాడు. ఫిల్మును కాగితం మీద పరిచాక, బిళ్ళను సున్న మధ్యలో పెట్టి, చూపుడువేలితో అదిమి పట్టుకున్నాడు.

"అద్దు," అన్నాడు.

కాశింపీరా రంగు అద్దాడు. ఫిల్ము ఎత్తితే సున్న పడింది. సామి వేలికి రంగయింది.

రెండో కాగితం. మళ్లీ బిళ్ళ, మళ్లీ వేలు. పది అయ్యాయి. ఇరవై అయ్యాయి. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. సామి నడుము వంచి కూర్చున్న మనిషి అలాగే ఉన్నాడు. వేలి పట్టు మాత్రం సడలడం మొదలుపెట్టింది. ఒక కాగితంలో బిళ్ళ ఎడమకు జరిగింది, ఇంకోదాంట్లో కిందికి. ఏ రెండు సున్నలూ ఒక్కలా లేవు.

"చాలు సామీ, వేలు తియ్యండి," అన్నాడు కాశింపీరా. "మచ్చ పడితే పడనీండి. 'అందరూ' అనే చదువుకుంటారు జనం."

"చదువుకుంటారులే. దీన్ని యాడ పెట్టేది మరి?"

కాశింపీరా ఆ బిళ్ళ వైపు చూడలేకపోయాడు. మళ్లీ అద్దాడు. నలభై. యాభై. సామి మధ్యమధ్య వేలు విదిలించుకుంటున్నాడు, మళ్లీ పెడుతున్నాడు. గోరు లోపలికి కూడా నలుపు దిగింది.

"నేను పట్టుకుంటాను సామీ. మీరు అద్దండి."

సామి వేలు తియ్యలేదు.

"ఎంతసేపని పట్టుకుంటారు? నొప్పి పుట్టడం లేదా?"

"పుడతాంది," అన్నాడు సామి. "ఆరేండ్లాయె గదా, అబ్బయ్యా."

కాశింపీరా ఎత్తిన చేతిలో స్పంజి ఆగిపోయింది. రంగు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. అతను తుడుచుకోలేదు.

తరువాత అతను వంగి, సామి వేలిని తన రెండు వేళ్లతో మెల్లగా పక్కకు జరిపి, ఆ చోట తన వేలు పెట్టాడు. ఇంకో చేత్తో స్పంజి పట్టుకున్నాడు. ఒక్కడే రెండు పనులూ చేయబోతే బిళ్ళ జారింది. సర్దాడు. మళ్లీ జారింది, మళ్లీ సర్దాడు. అరవైలో ఎన్నోదో నాకు తెలియదు, ఆ కాగితం అచ్చు వేయడానికి మాత్రం అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టిందని చెప్పేవాళ్లు.

నాలుగు గంటల బస్సు హారను కొట్టింది. కాశింపీరా కట్ట తీసుకుపోయి కండక్టరుకు ఇచ్చి వచ్చాడు. ఆ ఒక్క కాగితం మాత్రం ఇవ్వలేదు. ఇంకా తడిగా ఉంది. జిగురు డబ్బా చేతిలోకి తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సామీ, గువ్వలదిన్నెలో దీన్ని ఏ గోడకు అంటించమంటారు?"

సామి వేళ్లకు కిరసనాయిలు రాసుకుంటున్నాడు.

"గోడకెందుకు?" అన్నాడు. "చేతికియ్యి."

కాశింపీరా జిగురు డబ్బాను గడప మీద పెట్టేశాడు. కాగితాన్ని రెండు అంచుల దగ్గర పట్టుకుని, గాలికి మడత పడకుండా ఒంటికి దూరంగా పెట్టుకుని, గుట్ట వెనక వైపు దిగాడు.

అక్కడ అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పినవాళ్లు లేరు. అడిగితే మా పెద్దవాళ్లు, "అంతవరకే," అనేవాళ్లు. నేనూ అంతవరకే చెబుతున్నాను.

పిల్లలూ, మీరిద్దరూ దీన్ని మీ తరువాతి వాళ్లకు చెప్పండి. మీరు చెప్పకపోతే ఇది ఇక్కడితో పోతుందని నా భయం. చెప్పేటప్పుడు ఎక్కడైనా మరిచిపోతే సొంతంగా కల్పించకండి. ఎంత దూరాన ఉన్నా సరే, ఒకరినొకరు అడగండి.