చిలకలమ్మ చేతి రాతిచిలక

అనగనగా ఒక రాజుగారు. పేరు కువలయసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు: జయకేతు, విజయకేతు, పొన్నరాజు. రాణి కనకాంబరికి కన్నకొడుకుల కన్నా పూలమొక్కలే ఎక్కువని గిట్టనివాళ్ళు అనేవారు. అననివ్వండి! చైత్రం వచ్చిందంటే ఆమె తోటలో మల్లె, సంపెంగ, పొన్న పోటీపడి పూసేవి.

ఒక ఏడాది పూలు పూశాయి గానీ వాసన లేదు. ఏడు సముద్రాల అవతల ఉండే చండకేశుడనే మాంత్రికుడు ఆ తోట పరిమళమంతా దొంగిలించి తన తోటలో పోసుకున్నాడు. పరిమళంతో పాటే రాణి జ్ఞాపకమూ పోయింది. మొదట పూల పేర్లు మరిచింది, తరవాత కొడుకుల పేర్లు. ఏడాది తిరిగేసరికి, నోట్లో ముద్ద పెడితే మింగాలన్న సంగతి కూడా మరిచిపోసాగింది.

"ఉగాది లోపల ఆ పరిమళం రాకపోతే రాణిగారు మనకు దక్కరు" అని రాజవైద్యుడు తేల్చి చెప్పాడు.

పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చివరికి పొన్నరాజు బయల్దేరి, ఒక ముసలి తాబేలు వీపు మీద ఏడు సముద్రాలూ దాటాడు. తాబేలు అంత దూరం ఎలా ఈదిందని అడ్డుప్రశ్నలు వెయ్యకండి, అసలు కథ అవతలి ఒడ్డున ఉంది.

అక్కడ ఇసకలో ఒక తుమ్మెద రెక్కలు తడిసి కొట్టుకుంటోంది. పొన్నరాజు దాన్ని అరచేతిలోకి తీసుకుని ఊపిరితో ఆరబెట్టాడు.

"రాకుమారా, లోపలికి పోకు" అంది తుమ్మెద. "ఆ మాంత్రికుడు తప్ప ఎవరు ఆ తోటలో ఒక్క పువ్వు వాసన చూసినా అన్నీ మరిచిపోతారు. ఆపైన ముక్కూ పనిచెయ్యదు. మీ అన్నలు అలాగే మాంత్రికుడికి దండలు కట్టిపెడుతున్నారు."

"వాడికి దండలెందుకు?"

"తోట నడుమ గుడిలో ఉన్న చిలకలమ్మ తల్లికి. ఆ తల్లి చేతిలోని రాతిచిలకలో వాడి ప్రాణం ఉంది. రోజూ పొద్దుగూకేలోగా, ఎవరూ వాసన చూడని దండ వేసినన్నాళ్ళూ వాడికి చావు లేదు. అందుకే ముక్కు చచ్చినవాళ్ళ చేత కట్టిస్తాడు."

పొన్నరాజుకు చిన్నప్పుడు అమ్మ కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. పూజకు కోసిన సంపెంగను వాసన చూశాడని వీపు మీద ఒక్కటిచ్చింది. "దేవుడికిచ్చేది ఎంగిలి చేస్తావురా?" అంది. ఆ అమ్మకు ఇప్పుడు దేవుడూ గుర్తులేడు.

"అయితే వాడి చేతే వాసన చూపిద్దాం."

"తెలిసి తెలిసి ఎందుకు చూస్తాడు?"

"చావంటే అంత హడలు ఉన్నవాడికి ముందు భయం, తరవాతే బుద్ధి" అని పొన్నరాజు మెల్లగా ఉపాయం చెప్పాడు. తుమ్మెద మైనం తెచ్చి అతని ముక్కు లోపల గట్టిగా మూసింది.

తోట వాకిట్లో చండకేశుడు ఒక మల్లెపువ్వు తెచ్చి అతని ముక్కుకు ఆనించాడు.

"నీ పేరేమిటి?"

"తెలియదు ప్రభూ."

"ఏ దేశం?"

"తెలియదు ప్రభూ."

మాంత్రికుడు అరచెయ్యి చాపాడు. అందులో రాణి కనకాంబరి కనిపించింది. చిక్కి సగమై, దాది పెట్టిన ముద్ద నోట్లో ఉంచుకుని అలాగే చూస్తోంది.

"మరి ఈవిడెవరు?"

పొన్నరాజు గుండె రాయి చేసుకున్నాడు. "తెలియదు ప్రభూ. ఎవరో ముసలమ్మ."

ఆ మాట అన్నందుకు నాలుక తెగి పడినా బాగుండుననిపించింది. మాంత్రికుడు సంతోషించి అతన్ని అన్నల పక్కన దండలు కట్టడానికి కూచోబెట్టాడు. అన్నలు తలెత్తి కూడా చూడలేదు.

తెల్లారితే ఉగాది. పొన్నరాజు కావాలనే తాత్సారం చేసి, సూర్యుడు సముద్రంలోకి దిగుతుండగా దండ గుడికి పట్టుకెళ్ళాడు. మాంత్రికుడు చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే దండలోంచి తుమ్మెద జారి, నేల మీద వెల్లకిలా పడింది. ఇక కదల్లేదు.

"ఇదెందుకు చచ్చింది?"

"తెలియదు ప్రభూ."

"పూల మీద ఎవరేం చల్లారు?"

"తెలియదు ప్రభూ."

"విషమా?"

"తెలియదు ప్రభూ."

మాంత్రికుడికి పైప్రాణాలు పైనే పోయాయి. విషపు దండ చిలకకు తగిలితే ఇంకేమన్నా ఉందా? గభాలున లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మల్లెల వాసన తప్ప ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నాక గానీ తను ఏం చేశాడో తెలియలేదు.

ఇంకో దండ కట్టించే వ్యవధి లేదు. సూర్యుడు గోరంత మిగిలాడు. "రాయికేం తెలుస్తుందిలే" అని గొణుక్కుంటూ ఆ దండే వేసేశాడు. నూరేళ్ళు పూజ చేశాడే గానీ, వాడు ఆ తల్లిని నమ్మిందెన్నడు? పొన్నరాజు మాత్రం కళ్ళు మూసుకుని "తల్లీ, మా అమ్మ..." అన్నాడు.

రాతిచిలక రెక్కలు విదిల్చింది. దండ తెగి కిందపడింది. చిలక గుడి దాటి ఎగిరిపోతుంటే చండకేశుడు నిలుచున్న చోటే కుప్పకూలాడు. చచ్చినట్టు పడున్న తుమ్మెద లేచి, మాంత్రికుడు పెట్టిన శాపం తీరి, చంపకవల్లి అనే రాకుమార్తె అయింది. అన్నలకు తెలివొచ్చి "తమ్ముడూ!" అని పరుగెత్తుకొచ్చారు. తోటలోని పరిమళమంతా గాలిగా లేచి, నలుగురినీ మోసుకుంటూ ఏడు సముద్రాలూ దాటింది.

ఉగాది పొద్దున రాణి దాది భుజం పట్టుకుని మల్లెపొద దగ్గర నిలబడి ఉంది. పలకరించడానికి కొడుకులకు ధైర్యం చాల్లేదు. ఆమే తిరిగి చూసి, ముగ్గుర్నీ పేరుపేరునా పిలిచింది.

పెళ్ళి సంగతా? ఆ వైశాఖంలోనే పొన్నరాజుకూ చంపకవల్లికీ అయింది. అన్నలు సింహాసనం వద్దంటే తనే ఎక్కి చాలాకాలం చల్లగా ఏలాడు. కానీ ఆ ఉగాది పొద్దున జరిగింది ఇంకా కొంచెం ఉంది. పొన్నరాజు తల్లి కాళ్ళ మీద పడి, "అమ్మా, నువ్వెవరో తెలియదన్నానే" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

రాణి అతని తల నిమిరింది. "ఏడాదిగా నేనూ అదే అంటున్నాను కదరా, పిచ్చి నాయనా. చెల్లుకు చెల్లు" అంది.