నూకాలు మింగిన గింజలు

సముద్రానికి తన ఒడ్డు ఎక్కడో ఇంకా నిశ్చయంగా తెలియని కాలంలో, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగకు ఆవల ఒక దిబ్బ ఉండేది. దాని పేరు గవ్వలదిబ్బ. అక్కడివారు చనిపోయినవారిని ఇసుకలో పాతిపెట్టేవారు. పాతిన చోట తొలివానకు ఒక మొక్క లేచేది. అటువంటి మొక్క మరే ఒడ్డునా లేదు. కొన్ని ఇళ్లవారి సమాధుల మీద అది తెల్లగా పూసేది, కొన్ని ఇళ్లవారి సమాధుల మీద ఎర్రగా పూసేది.

ఒకే రంగు పూసిన ఇళ్లవారు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వారి మధ్య పెళ్లి కూడదు. తెల్లపూల పిల్ల ఎర్రపూల ఇంటికే వెళ్లాలి. కట్టు తప్పిన జంటను తెడ్డు లేని పడవలో ఎక్కించి సముద్రానికి వదిలేవారు. ఆ పడవ ఎప్పుడూ ఖాళీగానే తిరిగి వచ్చేది.

సమాధులకు కాపలా నూకాలు. పసికందుగా ఒడ్డుకు కొట్టుకువచ్చిన మనిషి. ఆమెకు ఇల్లు లేదు, పువ్వూ లేదు. మేకలను తోలుతూ, మొక్కలకు నీళ్లు పోస్తూ బతికేది. ఏ మొక్క గురించి అడిగినా ఆమెది ఒకటే మాట: "కోసి సూడందే సెప్పను."

ఒక ఏడు కొర్లమ్మ, దాలయ్య ఒకరినొకరు కోరుకున్నారు. ఇద్దరివీ తెల్లపూల ఇళ్లే. ఊరిపెద్ద అసిరయ్య తెడ్డు లేని పడవకు తారు పూయించాడు. కొర్లమ్మ తల్లి పరుగున వచ్చి నూకాలు కాళ్ల మీద పడింది.

"నువ్వైనా ఒక మాట సెప్పవే అప్పా!"

"కోసి సూడందే సెప్పను," అంది నూకాలు.

పూల రంగు ఒకటైనా రక్తం ఒకటో కాదో చూడాలని, ఆమె ఆ రెండు ఇళ్ల సమాధుల నుంచి ఆకులు తెంపింది. ఒకదానికి పాలు కారాయి, ఒకదానికి నీరు కారింది.

"ఏడిసేవాళ్లందరికీ కన్నీళ్లు ఒక్కలా వత్తాయేటే?" అన్నాడు అసిరయ్య.

పిందెలను అడ్డంగా కోసింది. ఒకదానిలో మూడు అరలు, మరొకదానిలో ఐదు.

"గదులు ఎక్కువైతే ఇల్లు మారిపోద్దా?" అన్నాడు అసిరయ్య. జనం నవ్వారు. సమాధుల వైపు నుంచి కూడా సన్నని నవ్వు వినిపించిందంటారు. బోలు కాడలలో గాలి దూరినా అటువంటి చప్పుడే వస్తుంది. అయితే ఆనాడు గాలి లేదు.

"అయితే పుప్పొడినే అడుగుదాం బాబూ. రక్తం ఒకటైతే గింజ కడతాది. కాకపోతే పువ్వు రాలిపోద్ది."

ఆమె మూడు పూలకు పుప్పొడి అద్ది మూడు గుడ్డలు కట్టింది. మొదటిది ఒకే ఇంటి పూలకు. చుట్టరికం ఎలా ఉంటుందో చూపడానికి. రెండోది కొర్లమ్మ, దాలయ్యల ఇళ్ల పూలకు. మూడోది ఎర్రపూవుకూ తెల్లపూవుకూ. పరాయితనం ఎలా ఉంటుందో చూపడానికి.

కాయ కట్టడానికి పెట్టుకున్న గడువు నాటి మిట్టమధ్యాహ్నం ఊరంతా సమాధుల మధ్య నిలబడింది. పక్షి కూడా అరవలేదు. సూర్యుని వైపు ఉండవలసిన పూలన్నీ గుడ్డల వైపు తిరిగి ఉన్నాయి.

మొదటి గుడ్డ విప్పింది. కాయ నిండుగా ఉంది.

రెండో గుడ్డ విప్పింది. పువ్వు వాడి, రాలి, దుమ్మై ఉంది. కూతురు బతికిపోయిందని కొర్లమ్మ తల్లి గొల్లుమంది.

"సరే, పరాయివాళ్లే," అన్నాడు అసిరయ్య. "మూడోది కూడా ఇప్పేయి. తెలిసిందేగా!" పక్కనున్న భార్య వైపు చూసి నవ్వాడు. ఆమె ఎర్రపూల ఇంటి ఆడపడుచు. ఆ దిబ్బ మీద కాపురాలన్నీ అటువంటివే.

నూకాలు జనానికి వీపు పెట్టి మూడో గుడ్డ విప్పింది. వేళ్లకు బరువు తగిలింది. కాయ పగలడానికి సిద్ధంగా ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. భర్తల పక్కన భార్యలు, వారి చంకలలో పిల్లలు.

ఆమె కాయను నోట్లో వేసుకుంది.

"ఏటుందే అందులో?" అన్నాడు అసిరయ్య.

"ఏటీ లేదు బాబూ. రాలిపోయింది."

కోయకుండా ఆమె చెప్పిన మాట అదొక్కటే. ఆమె గొంతు కదలడం అసిరయ్య చూశాడు. చూసి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె పోయిందని కొందరు అంటారు. ముసలితనం వచ్చాకనే పోయిందని మరికొందరు. రెండు కథనాలూ ఒక్కచోట కలుస్తాయి. ఏ ఇంటికీ చెందని ఆ మనిషిని పాతిన చోట, తొలివానకు ఒక మొక్క లేచింది. దాని పువ్వు తెలుపూ కాదు, ఎరుపూ కాదు. మానుతున్న గాయం రంగు. మనిషి మింగిన గింజ మట్టిలో మొలిచిందా అన్నది రుజువు కాని విషయం. ఆ రంగును అందరూ చూశారన్నది మాత్రం ఎవరూ కాదనలేదు.

అసిరయ్య, అతని భార్య ఆ పువ్వు ముందు నీడలు సాగేదాకా నిలబడ్డారు. మర్నాడు అతడు తెడ్డు లేని పడవను తన చేతులతోనే గొడ్డలి పెట్టి చీల్చాడు. ఊరివాళ్లు అడిగినా కారణం చెప్పలేదు.

నేటికీ ఆ తీరంలో పెళ్లిమాటలకు ముందు ఇరువైపుల పెద్దలూ ఆ సమాధి దగ్గరికి వెళతారు. రక్తం గురించి అడగవలసినవన్నీ మనసులోనే అడుగుతారు. గాలి లేకపోయినా పువ్వు ఒకసారి కదులుతుంది. అప్పుడు అందరికంటే పెద్దవాడు, "ఆ మాట నూకాలు మింగింది," అంటాడు. మిగిలినవారు తలలు వంచి, తాంబూలాలు పుచ్చుకుంటారు.