రాళ్ళవంకలో మందు ఉందన్న పేజీ

ఓబులేసుతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. నేర్చుకున్నదాన్ని ఊరికే దగ్గర ఉంచుకోలేడు. కొత్త చెప్పులు కొన్నవాడు ఇంట్లో కూడా వేసుకుని తిరిగినట్టు, కొత్తగా తెలిసిన ప్రతిదాన్నీ ఆ పూటే ఎక్కడో ఒకచోట వాడెయ్యాలి అతనికి.

సీమలో ఒక పట్నంలో, పరుపుల దుకాణం పైన మేడగదిలో, ఖాదర్‌వలీ అనే పెద్దాయన ప్రోగ్రాములు రాయడం నేర్పేవాడు. ఒకప్పుడు పెద్ద పెద్ద ఆఫీసుల్లో డేటాబేసులు చూసినవాడు. గడ్డం నెరిశాక అవన్నీ వదిలేసి వచ్చేశాడు. శిష్యులంతా ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఆయన తప్పు రాస్తే తిట్టడు, ఒప్పు రాస్తే మెచ్చుకోడు. దాంతో ఆయన నోట ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలని అందరికీ ఆశ. ఓబులేసుకు మరీ ఆశ.

ఆ ఏడు ఉస్తాద్ డిజైన్ ప్యాటర్న్‌ల గురించి చెప్పాడు. వెబ్ పేజీకీ డేటాబేసుకూ మధ్య పని నడిపేటప్పుడు ఒకే రకం ఇబ్బందులు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ముందరివాళ్ళు వాటిని దాటే దారులు కనిపెట్టి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టిపోయారు. ఆ దారులే ప్యాటర్న్‌లు. పని తేలిక కావడానికే పుట్టాయవి. ఈ చివరి మాట ఓబులేసు చెవిన పడిందో లేదో మనకు తెలియదు. పేర్లు మాత్రం అన్నీ నోటికి వచ్చాయి.

అప్పుడే ఒక సేవా సంస్థ వాళ్ళు పని పట్టుకుని వచ్చారు. వేరుశనగ పీకే రోజులు. చేలల్లో పాముకాట్లు ఎక్కువ. పాము కరిచినవాణ్ణి బండెక్కించుకుని ఒక ఆస్పత్రికి పోతే అక్కడ మందు ఉండదు. ఇంకో ఆస్పత్రికి పోయేలోపు మనిషి ఉండడు. ఏ ఆరోగ్య కేంద్రంలో మందు ఉందో ఫోన్‌లో చూడగానే తెలిసేలా ఒక పేజీ కావాలన్నారు. మందు వచ్చినా అయిపోయినా నర్సులు మెసేజ్ పెడితే డేటాబేసులో చేరే ఏర్పాటు ముందునుంచే ఉంది. ఉస్తాద్ ఆ పనిని ఓబులేసు చేతిలో పెట్టాడు.

ఓబులేసు తిండీ నిద్రా మరిచి కట్టాడు. అతని పేజీ డేటాబేసును నేరుగా అడగదు. అదొక పొరను అడుగుతుంది, ఆ పొర ఇంకో పొరను అడుగుతుంది, అది మరొకదాన్ని. ఒకసారి విన్న జవాబును గుర్తుపెట్టుకుని, మళ్ళీ అడిగితే డేటాబేసు దాకా పోకుండా తనే చెప్పేసే పొర ఒకటి. రేపు డేటాబేసును మార్చాల్సి వస్తే పనికొస్తుందని ఒకటి. రేపు ఇంకేదైనా వస్తే ఉండనీ అని మరొకటి. సంస్థవాళ్ళు ఆ రేపటి ఊసే ఎత్తలేదు. కందకు లేని దురద కత్తిపీటకు పుట్టింది.

ఆ సాయంత్రం పేజీని జనానికి ఇవ్వాలి. పొద్దున్నే ఓబులేసు లాప్‌టాప్ తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు. పొరలన్నీ ఒక్కొక్కటే విప్పి చూపించాడు. చూపిస్తున్నంతసేపూ అతని కళ్ళు ఉస్తాద్ మొహం మీదే ఉన్నాయి.

"మీరు చెప్పినవాటిలో ఒక్క ప్యాటర్న్ కూడా వదల్లేదు ఉస్తాద్. డేటాబేసు తీగ పీకేసినా నా పేజీ జవాబు చెప్తాది."

ఉస్తాద్ కాసేపు తెరను చూశాడు. తర్వాత తన కుడి అరచెయ్యి చాపి ఓబులేసు ముందు పెట్టాడు.

"ఇప్పుడే నన్ను రక్తపింజర కరిచిందనుకో. ఎక్కడికి పోవల్ల?"

ఓబులేసు నవ్వాడు. ఇది పరీక్ష, ఇందులో తను తప్పేదే లేదు. పేజీలో అడిగాడు. వేలు తీసేలోపే జవాబు వచ్చింది. రాళ్ళవంక ఆరోగ్య కేంద్రంలో మందు ఉందని పచ్చ అక్షరాలు చెప్పాయి. అంతకన్నా దగ్గర్లో ఇంకోటి లేదు.

"రాళ్ళవంకకు పోవల్ల ఉస్తాద్."

"అయితే పా," అంటూ ఉస్తాద్ లేచాడు. లాప్‌టాప్ కూడా పట్టుకోమన్నాడు.

స్కూటర్ ఓబులేసు నడిపాడు. వెనక ఉస్తాద్ కుడిచెయ్యి గుండెకు ఆనించుకుని కూర్చున్నాడు. రాళ్ళవంక దారి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. ఓబులేసు ఆ కుదుపుల్లోనే తన పొరల గొప్ప చెప్పుకుంటూ పోయాడు. వెనక నుంచి ఊ అని గానీ ఆఁ అని గానీ రాలేదు. సగం దారిలో అద్దంలోకి చూస్తే ఉస్తాద్ కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. ఎందుకో మాట ఆపి, స్కూటర్‌ను కాస్త వేగంగా పోనిచ్చాడు.

ఆరోగ్య కేంద్రం చిన్నది. ముందు వరండా, లోపల రెండు గదులు. సుగుణ అనే నర్సు ఒకామె పసిబిడ్డకు టీకా వేసి పంపిస్తోంది. ఓబులేసు ఆమె దగ్గరికి వెళ్ళి పాముకాటు మందు ఉందా అని అడిగాడు. లేదంది. నిన్న పొద్దున ఒకాయనకు వేసేశామనీ, దాంతో అయిపోయిందనీ, ఆ సంగతి అప్పుడే మెసేజ్ పెట్టాననీ చెప్పింది.

ఓబులేసు ఫోన్ తీసి చూపించాడు. ఇక్కడ ఉందని చెబుతోంది కదా అన్నాడు. ఆమెకు విసుగొచ్చింది. ఫోన్ సంగతి తనకు తెలియదంటూ వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుంది. పై అరలో పసిపిల్లల టీకాలున్నాయి. కింది అరలో ఏమీ లేదు.

  ఓబులేసు చేతిలోని ఫోన్ పచ్చ అక్షరాలతో మందు ఉందంటూనే ఉంది. ఆ అక్షరాలనూ ఈ ఖాళీ అరనూ మార్చి మార్చి చూశాడు. తన పేజీ తప్పు చెబుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. పేజీ ఆగిపోతుందేమోనని భయపడ్డాడు, ఆలస్యం అవుతుందేమోనని భయపడ్డాడు. ఇంత ధీమాగా అబద్ధం ఆడుతుందని మాత్రం ఎన్నడూ భయపడలేదు.

ఉస్తాద్‌కు చెప్పాలని వరండాలోకి వచ్చాడు.

ఉస్తాద్ అక్కడి బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి బెంచీ అంచు నుంచి కిందికి వేలాడుతోంది.

"ఉస్తాద్, ఇక్కడ మందు లేదంట."

ఆయన కదల్లేదు.

ఓబులేసు నిలబడే ఆలోచించాడు. సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నర్సులు పెట్టే మెసేజ్ పాత దారిన నేరుగా డేటాబేసులో పడుతుంది. అతను కట్టిన పొరల గుండా రాదు. కాబట్టి గుర్తుపెట్టుకునే పొరకు కొత్త సంగతి అందలేదు. అది మొన్న విన్నదాన్నే ఇవాళ కూడా చెబుతోంది. ఆ పాత దారి ఉందని ఓబులేసుకు తెలుసు. తన పేజీ వచ్చాక నర్సులంతా కొత్త దారికి రాక ఎక్కడికి పోతారులే అనుకున్నాడు.

"దీనికి కూడా ప్యాటర్న్ ఉండాది ఉస్తాద్," అన్నాడు గబగబా. "డేటాబేసు మారినప్పుడంతా ఆ పొరకు కబురు చెప్పే పొర ఇంకొకటి పెడితే సరిపోతాది. నేను..."

ఒక ఈగ వచ్చి ఉస్తాద్ పెదవి మీద వాలింది. ఆయన తోలుకోలేదు. అది మెల్లగా పెదవి పొడవునా నడిచి గడ్డంలోకి పోయింది. అప్పుడు కూడా ఆయన తోలుకోలేదు.

  ఇది ఆట అని ఓబులేసుకు తెలుసు. తెలిసినా ఒళ్ళంతా చెమట పట్టింది. టీకా వేయించుకున్న బిడ్డను చంకనేసుకుని బయటికొచ్చిన తల్లి ఆగి, పెద్దాయనకు ఏమైందబ్బీ అని అడిగింది.  సుగుణ పరుగున వచ్చి ఉస్తాద్ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నాడి బాగానే ఉందని గొణుక్కుంటూ, ఓబులేసును ఎగాదిగా చూసి లోపలికి పోయింది.

ఓబులేసు బెంచీ పక్కన నేల మీద చతికిలబడి లాప్‌టాప్ తెరిచాడు. ముందు గుర్తుపెట్టుకునే పొరను తీసేశాడు. అది పోగానే దాన్ని ఆనుకుని ఉన్నదానికి పని లేదని తెలిసింది. దాన్నీ తీసేశాడు. రేపటి కోసమని కట్టినవాటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎంత మురిపెంగా రాసుకున్నాడో వాటిని. ఒకసారి తలెత్తి ఉస్తాద్ వేలాడుతున్న చేతిని చూసి, అవన్నీ చెరిపేశాడు.

చివరికి రెండే మిగిలాయి. పేజీ అడుగుతుంది, డేటాబేసు చెబుతుంది. డేటాబేసు పలకకపోతే, "తెలియదు, ఫోన్ చేసి కనుక్కోండి" అని పేజీ కేంద్రం నంబరు చూపిస్తుంది. ఇంతకుముందైతే ఆ "తెలియదు" అనే మాట పేజీ మీద కనబడడం అతనికి తలవంపుగా ఉండేది.

మళ్ళీ అడిగాడు. రాళ్ళవంకలో మందు లేదని వచ్చింది. సున్నపుగుట్టలో ఉందని వచ్చింది. పచ్చ అక్షరాలను నమ్మడానికి ఇప్పుడు ధైర్యం చాల్లేదు. సున్నపుగుట్టకు ఫోన్ చేశాడు. ఉందన్నారు. పోయి ఒకసారి కళ్ళతో చూసి చెప్పమని బతిమాలాడు. చూసి, ఉందనే చెప్పారు.

అప్పటికి బెంచీ మీది నీడ జరిగిపోయింది. ఎండ ఉస్తాద్ మోకాళ్ళ దాకా వచ్చింది.

"అన్నీ తీసేసినా ఉస్తాద్. ఇప్పుడు నిజమే చెప్తాంది," అన్నాడు ఓబులేసు.  "సున్నపుగుట్టలో మందు ఉండాది. లేవండి, పోదాం."

ఉస్తాద్ కళ్ళు తెరిచాడు. మెల్లగా లేచి కూర్చున్నాడు. మోకాళ్ళ మీది ఎండను చూశాడు, తర్వాత శిష్యుడి మొహం చూశాడు.

"నేను లేస్తా నాయనా," అన్నాడు. "నన్ను ఏ పామూ కరవలేదు."